కొలత ముందు, కోత తరువాత



కోతలు అయి, ధాన్యం ఇల్లు చేరి, చేతిలో నాలుగు రూపాయలు ఆడుతున్న రోజుల్లో ఒక యువకుడు మా ఇంటికి వచ్చాడు. కోడూరు వైపు పల్లెవాడు. తండ్రి చనిపోయి మూడేళ్లయింది. ఆయన వాడిన పాత బుల్లెట్ మోటారు సైకిలు పశువుల పాకలో గోనెపట్టాల కింద పడి ఉందట. "అయ్యగారూ, పాతసామాను వాళ్లు వచ్చి బేరం ఆడుతున్నారు. అమ్మేమో నాన్న బండి అమ్మవద్దని ఏడుస్తోంది. బాగు చేయించాలంటే ఇంజను మొత్తం విప్పాలంటున్నారు. అంత డబ్బు పెడితే బండి నిలుస్తుందా? మీకు ఈ అనుభవం ఉందని విన్నాను" అని అడిగాడు.

అనుభవం ఉన్న మాట నిజమే. అయితే అది పుస్తకం చదివి సంపాదించినది కాదు, ఒకసారి డబ్బు పోగొట్టుకుని, ప్రాణం మీదికి తెచ్చుకుని నేర్చుకున్నది. మన పల్లెల్లో ఇలాంటి బండ్లు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి గనుక, ఆ కుర్రవాడికి చెప్పిన సంగతులే ఈ నెల మీ అందరికీ వ్రాస్తున్నాను. బండి లేనివారు కూడా ఓపికగా చదవండి. ఇందులోని పాఠం ఇంజనుతోనే ఆగిపోదు.

ఆ బండి కథ

బుల్లెట్ పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణం. అక్కడి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ దానిని తయారు చేసేది. మన సైన్యానికి సరిహద్దుల్లో తిరగడానికి గట్టి బండ్లు కావలసి వచ్చి, ఈ బుల్లెట్‌ను ఎంచుకున్నారు. 1955లో మద్రాస్ మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ మద్రాసులో ఏర్పడింది. మొదట్లో ఇంగ్లండు నుండి వచ్చిన భాగాలను ఇక్కడ బిగించేవారు. పోనుపోను అన్ని భాగాలూ మన దేశంలోనే తయారయ్యాయి. 1970 ప్రాంతంలో ఇంగ్లండు కంపెనీ మూతబడినా, మద్రాసులో మాత్రం ఆ పాత నమూనా దశాబ్దాలపాటు అలాగే కొనసాగింది. 1994లో కంపెనీ ఐషర్ వారి చేతికి వచ్చింది. ఇప్పుడు బుల్లెట్ పేరు ఉంది, బండి ఉంది, కానీ పోత ఇనుప సిలిండరు ఉన్న ఆ పాత ఇంజను తయారీ మాత్రం లేదు. ఉన్నవాటిని కాపాడుకోవడమే మిగిలింది.

350 బుల్లెట్ సిలిండరు లోపలి వ్యాసం, అంటే బోరు, 70 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. ఈ రెండు కొలతలతో లెక్క కడితే 346 సీసీ వస్తుంది. దానినే మనం 350 అంటున్నాము. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. పిస్టన్ ఒక్క నిమిషంలో 540 మీటర్ల దూరం ఆ ఇనుప గొట్టంలో రాసుకుంటూ నడుస్తుంది. చుట్టూ నిప్పు, మధ్యలో పలచని ఆయిలు పొర. ఆ పొర ఉన్నంతసేపే అది ఇంజను. ఆ పొర తెగిన క్షణం అది ఇనుప ముద్ద.

నేను చేసిన తొందర

మా నాన్నగారు ఒక పాత బుల్లెట్ కొని చాలాకాలం వాడారు. ఆయన వెళ్లిపోయిన తరువాత అది నాకు వచ్చింది. 2009 వేసవిలో మా చెల్లెలి పెళ్లి కుదిరింది. అప్పటికే బండి నీలి పొగ వదులుతోంది, ఆయిలు తాగుతోంది, కిక్కు కొడితే కాలికి బరువు తెలియడం లేదు. పెళ్లి పనులకు తిరగాలి గనుక వారం రోజుల్లో ఇంజను చేసి ఇమ్మని ఒక షాపులో అప్పగించాను. మేస్త్రి పది రోజులు అడిగితే నేనే ఒప్పుకోలేదు.

అంతకుముందే నాన్నగారి కాలంలో ఒకసారి సిలిండరు బోరింగు అయింది. ఇక్కడ ఒక మాట వివరించాలి. సిలిండరు అరిగినప్పుడు లోపలి గోడను మిషను మీద కొద్దిగా కోసి, మళ్లీ గుండ్రంగా, నునుపుగా చేస్తారు. అప్పుడు రంధ్రం పెద్దదవుతుంది గనుక పెద్ద పిస్టన్ వేయాలి. దానినే ఓవర్ సైజు అంటారు. పాత బుల్లెట్‌కు ఇరవై తౌ, నలభై తౌ, అరవై తౌ అని మూడు మెట్లు. తౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు, అంటే 0.025 మిల్లీమీటరు. ఇరవై తౌ అంటే సుమారు అర మిల్లీమీటరు. నాన్నగారు మొదటి మెట్టు వాడేశారు. నేను రెండవ మెట్టు, నలభై తౌకి వెళ్లాను.

షాపువాళ్లు పిస్టన్ కోసం కబురు పెట్టారు. అది వచ్చేలోగా ఖాళీగా ఎందుకని, లెక్క ప్రకారం 71.02 మిల్లీమీటర్లకు సిలిండరు కోయించేశారు. మర్నాడు పిస్టన్ వచ్చింది. అడిగిన తయారీది దొరకక వేరే తయారీది పంపారు. బొటనవేలితో నొక్కి చూశారు. సిలిండరులో జారింది. "బ్రహ్మాండంగా కూర్చుంది అయ్యగారూ" అన్నారు. నేనూ సంతోషించాను. ఎవరమూ కొలవలేదు.

నాలుగవ రోజు నేనూ నా భార్యా పెళ్లి చీరల కోసం బందరు బయలుదేరాము. చల్లపల్లి దాటి కొంత దూరం వెళ్లేసరికి బండి బరువెక్కినట్లు అనిపించింది. యాక్సిలేటరు ఇంకాస్త తిప్పాను. ఒక్కసారిగా కీచుమని శబ్దం వచ్చి వెనుక చక్రం బిగుసుకుపోయింది. చెయ్యి దానంతట అదే క్లచ్ పట్టుకుంది గాని, ఆలోచించి చేసింది కాదు. బండి అడ్డంగా జారి మట్టి అంచు మీద నిలిచింది. వెనుక ఆర్టీసీ బస్సు. ఆ డ్రైవరు జాగ్రత్తగలవాడు గనుక ఈ వ్యాసం వ్రాయడానికి నేను మిగిలాను. నా భార్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక్కటే అడిగింది: "ఇంకో మూడు రోజులు ఆగి ఉంటే ఏం పోయేది?"

జవాబు నా దగ్గర లేదు.

ఎందుకు పట్టేసింది?

బండిని ట్రాలీ రిక్షా మీద వేయించి బందరులో ఒక వృద్ధ మేస్త్రి దగ్గరకు చేర్చాను. ఆయన 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత ఉప్పునీళ్లు, బురద నిండిన ఇంజన్లను విప్పి, మంచినీళ్లతో కడిగి, ఆయిలులో ముంచి బ్రతికించిన మనిషి. మాట తక్కువ. హెడ్డు తీసి, సిలిండరు పైకి లాగి, లోపల వేలు పెట్టి చూశారు. గోడ మీద నిలువునా గీతలు. పిస్టన్ పక్కల అల్యూమినియం కరిగి మెత్తినట్లు అంటుకుని ఉంది. రింగులు గాడిలో ఇరుక్కుపోయాయి.

మైక్రోమీటరు తీసి పిస్టన్ కొలిచి, చెడిపోని చోట చూపించారు. 70.99. సిలిండరు 71.02. మధ్య ఖాళీ 0.03 మిల్లీమీటరు. "ఇంకేముంది అయ్యగారూ, ఊపిరాడక చచ్చింది" అన్నారు.

అప్పుడు ఆయన చెప్పిన సంగతి ఇది. పిస్టన్ అల్యూమినియం లోహం. సిలిండరు పోత ఇనుము. వేడి తగిలితే రెండూ పెరుగుతాయి గాని సమానంగా పెరగవు. 70 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 100 డిగ్రీల వేడికి సుమారు 0.16 మిల్లీమీటరు పెరుగుతుంది. అంతే వ్యాసం గల ఇనుప సిలిండరు అదే వేడికి 0.08 మాత్రమే పెరుగుతుంది. పైగా నిప్పుకు దగ్గరగా ఉండేది పిస్టన్. గాలి తగిలి చల్లబడేది సిలిండరు. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు హాయిగా జారిన పిస్టనే వేడెక్కాక గోడలను ఒత్తుకుంటుంది. ఆయిలు పొర తెగుతుంది. లోహం లోహాన్ని పట్టుకుంటుంది.

అందుకే చల్లగా ఉన్నప్పుడే వాటి మధ్య తగిన చోటు వదలాలి. పాత బుల్లెట్‌కు పిస్టన్ కింది భాగం దగ్గర మూడు నుండి నాలుగు తౌలు, అంటే 0.08 నుండి 0.10 మిల్లీమీటరు వదులుతారు. ఇంచుమించు ఒక తల వెంట్రుక మందం. ఇంతకన్నా తక్కువైతే పట్టేస్తుంది. ఎక్కువైతే పిస్టన్ అటూ ఇటూ కొట్టుకుని టకటకమంటుంది, ఆయిలు పైకెక్కుతుంది. పిస్టన్ పెట్టెలోని కాగితం మీద తయారీదారు వేరే కొలత చెబితే ఆ మాటే వినాలి. జావా, యెజ్డి, రాజ్‌దూత్ బండ్లవి వేరే తరహా ఇంజన్లు. వాటి కొలతలు వాటివి. బుల్లెట్ లెక్క వాటికి పెట్టకూడదు.

"మరి వాళ్లు లెక్క ప్రకారమే కోశామన్నారే" అన్నాను.

మేస్త్రి గారు నవ్వారు. "దర్జీ మనిషిని కొలిచి చొక్కా కుడతాడా, చొక్కా కుట్టి మనిషిని వెతుక్కుంటాడా? పిస్టన్ చేతికి రావాలి. దానిని కొలవాలి. అప్పుడు దానికి తగ్గట్టు సిలిండరు కోయాలి. ఒకే సైజు అని పెట్టె మీద రాసినా రెండు తయారీల పిస్టన్లు సమానంగా ఉండవు."

ఇప్పుడు మిగిలింది అరవై తౌ ఒక్కటే. ఆఖరి మెట్టు. అది కూడా పాడైతే ఆ సిలిండరుకు ఇక కోయడానికి మెట్టు లేదు. నాన్నగారి చేతి బండి. ఆ రోజు మొదటిసారిగా నేను, "ఎన్ని రోజులైనా తీసుకోండి" అన్నాను.

ఆయన చేసిన పని, వరుసగా

ఆయన పని చేస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. చూసినదంతా వ్రాస్తున్నాను. మీ ఇంటి బండి షాపులో ఉన్నప్పుడు ఇవన్నీ అడిగి చేయించుకోండి.

మొదట కనెక్టింగ్ రాడ్డు చూశారు. దానిని పట్టుకుని పైకీ కిందికీ కదిపారు. అటూ ఇటూ కొద్దిగా పక్కకు కదిలితే పరవాలేదు గాని, నిలువునా టకటకలాడితే కింది బేరింగు పోయినట్లు. అది పోయిన ఇంజనులో కొత్త పిస్టన్ వేయడం చీకిపోయిన పంచెకు కొత్త గుడ్డ మాసిక వేయడమే. పై చివర బుష్షులో పిన్ను వదులుగా ఉందా, రాడ్డు వంగిందా అన్నది కూడా చూశారు. మా బండిది బాగుంది.

తరువాత సిలిండరును కొలిచారు. ఒక్క చోట కాదు, ఆరు కొలతలు. పైన, మధ్యన, కింద. ప్రతి చోటా ముందు వెనుకలుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఎందుకంటే సిలిండరు అంతటా సమానంగా అరగదు. పై రింగు పైకి వెళ్లి మళ్లీ కిందికి మళ్లే చోట ఎక్కువ అరుగుతుంది. అక్కడ వేడి ఎక్కువ, ఆయిలు తక్కువ. ముందు వెనుక గోడలు కూడా ఎక్కువ అరుగుతాయి, పిస్టన్ ఆ వైపులకే ఒరుగుతుంది గనుక. అన్నిటికన్నా చెడ్డగా ఉన్న చోటును బట్టి ఎంత కోయాలో తేల్చాలి. నలభై నుండి అరవైకి వెళ్తే వ్యాసం అర మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే ఒక్కొక్క గోడకు పావు మిల్లీమీటరు మాత్రమే. మా సిలిండరు గీతలు అంతకన్నా తక్కువ లోతు. కొద్దిలో బయటపడ్డాము.

మూడవది, పిస్టన్ తెప్పించారు. తెప్పించాక కొలిచారు. ఎక్కడ పడితే అక్కడ కాదు. పిస్టన్ చూడటానికి గుండ్రంగా ఉంటుంది గాని నిజానికి కాస్త కోడిగుడ్డు వాటం, పైగా తల వైపు సన్నం. తలకు వేడి ఎక్కువ తగిలి ఎక్కువ పెరుగుతుందని అలా చేస్తారు. కాబట్టి కింది భాగంలో, పిన్ను రంధ్రానికి అడ్డంగా ఉన్న వైపు కొలవాలి. 71.43 వచ్చింది. దానికి 0.09 కలిపి 71.52 అని సుద్దముక్కతో గోడ మీద వ్రాశారు. లేత్ షాపుకు సిలిండరుతోపాటు ఆ పిస్టన్‌ను కూడా పంపారు.

నాలుగవది కోత. సిలిండరు కింది ముఖానికి సరిగ్గా నిలువుగా మిషను మీద బిగించాలి. వంకరగా బిగిస్తే కొలత సరిపోయినా పిస్టన్ ఒక పక్కకే రాసుకుంటుంది. 71.47 దగ్గర కోత ఆపించి, మిగిలిన 0.05ను హోనింగు రాళ్లతో తీయించారు. హోనింగు అంటే నునుపు చేయడమే అనుకునేవాడిని. కాదట. రాయి తిరుగుతూ పైకీ కిందికీ నడిస్తే గోడ మీద వల అల్లినట్లు సన్నని అడ్డగీతలు పడతాయి. ఆ గీతల్లో ఆయిలు నిలుస్తుంది. అద్దంలా నున్నగా ఉన్న గోడ మీద ఆయిలు నిలవదు. కోసిన సిలిండరు వేడిగా ఉంటుంది గనుక ఆ రాత్రి అలాగే వదిలి, చల్లబడ్డాక తెల్లవారి మళ్లీ కొలిచారు. 71.52.

అయిదవది కడగడం. కిరోసిన్‌తో ఒకసారి తుడిచి సరిపెట్టలేదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షు తీసుకుని చాకిరేవు పెట్టినట్లు రుద్దారు. రాతిపొడి గీతల్లో దాగి ఉంటుంది. అది మిగిలితే కొత్త రింగులను వందల మైళ్లలోనే తినేస్తుంది. తెల్లగుడ్డతో లోపల తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. మూడుసార్లు కడిగాక అలా వచ్చింది. వెంటనే ఆరబెట్టి ఆయిలు పూశారు. మన సముద్రపు గాలికి కడిగిన ఇనుము గంటలో తుప్పు పడుతుంది.

ఆరవది రింగులు. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. రింగును పిస్టన్‌కు ఎక్కించక ముందే ఒక్కదానిని సిలిండరులో పెట్టి, పిస్టన్ తలతో అంగుళం లోతుకు సమంగా నెట్టారు. రింగు రెండు కొనల మధ్య సందులో ఫీలర్ గేజు దూర్చి చూశారు. ఈ సైజు ఇంజనుకు 0.3 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండాలి. సందు లేకపోతే రింగు వేడికి పెరిగి కొనలు ఢీకొని విరుగుతుంది, లేక గోడను చీలుస్తుంది. ఒక రింగుకు తక్కువ వస్తే సన్నని ఆకురాయితో కొనను రెండు గీతలు గీసి, మళ్లీ పెట్టి, మళ్లీ కొలిచారు. రింగు గాడిలో స్వేచ్ఛగా తిరగాలి, పైవైపు గుర్తు ఉన్నది పైకే ఉండాలి.

బిగించేటప్పుడు

క్రాంకు కేసు నోటికి శుభ్రమైన గుడ్డ కుక్కారు. చిన్న లాకు ఒకటి జారి లోపల పడితే ఇంజను మొత్తం విప్పవలసి వస్తుంది. పిస్టన్‌ను వేడినీళ్లలో కాసేపు ఉంచి తుడిచి, ఆయిలు పూసిన పిన్నును చేత్తోనే నెట్టారు. సుత్తి ముట్టుకోలేదు. సుత్తితో కొడితే రాడ్డు వంగుతుంది. పిన్ను రెండు పక్కలా కొత్త లాకులే వేశారు. పాత లాకు రూపాయి మిగిల్చి ఇంజను తినేస్తుందని ఆయన మాట. లాకు గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తిప్పి చూశారు.

మూడు రింగుల సందులూ ఒకే వరుసలో రాకుండా చుట్టూ పంచారు. సందులన్నీ ఒకే వరుసలో ఉంటే మంట నేరుగా కిందికి దారి చేసుకుంటుంది. కొత్త ప్యాకింగు వేసి, పిస్టన్ కింద రెండు చెక్కముక్కలు ఆనించి, నన్ను సిలిండరు పట్టుకోమన్నారు. నేను నెమ్మదిగా దించుతుంటే ఆయన వేళ్లతో ఒక్కొక్క రింగును నొక్కి లోపలికి పంపారు. మధ్యలో ఒకచోట ఆగింది. నేను కాస్త ఒత్తబోయాను. "ఆపండి" అన్నారు. పైకి తీయించి చూస్తే రెండవ రింగు అంచు బయటికి వచ్చి ఉంది. నేను ఒత్తి ఉంటే అక్కడే విరిగేది. నా తొందర అప్పటికీ పూర్తిగా పోలేదని నాకే తెలిసింది.

హెడ్డు నట్లను ఒకేసారి ఒక పక్క బిగించకుండా, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, మూడు దఫాల్లో బిగించారు. చివరకు ప్లగ్గు తీసి కిక్కును చేత్తో మెల్లగా నొక్కమన్నారు. ఎక్కడా గట్టితనం లేకుండా వెన్నలో వేలు పెట్టినట్లు కదిలింది.

ఆ తరువాత 500 కిలోమీటర్లు

ఇంజను బిగించడంతో పని సగమే అయింది. కొత్త రింగులూ కొత్త గోడా ఒకదానికొకటి అలవాటు పడాలి. కొత్త కోడలికి అత్తింట్లో కొన్నాళ్లు పట్టినట్లే. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఆయిలు పైకి వస్తోందో లేదో ముందు చూశారు. సిలిండరు వేడెక్కగానే ఆపి, పూర్తిగా చల్లారనిచ్చారు. అలా రెండు మూడుసార్లు చేశాక రోడ్డు మీదికి పంపారు.

ఆయన పెట్టిన షరతులు ఇవి. మొదటి 500 కిలోమీటర్లు 50 వేగం దాటరాదు. యాక్సిలేటరు పూర్తిగా తిప్పరాదు. అలాగని టాపు గేరులో ఇంజను మూలుగుతుంటే ఈడ్చరాదు, గేరు తగ్గించాలి. ఒకే వేగంతో గంటల తరబడి పోరాదు, కొంత పెంచుతూ కొంత తగ్గిస్తూ నడపాలి. ఇరవై ముప్పై కిలోమీటర్లకు ఒకసారి చెట్టు నీడన ఆపాలి. వెనుక మనిషినీ ధాన్యం బస్తానూ ఎక్కించరాదు. 500 కాగానే ఆయిలు మార్చాలి, ఎందుకంటే అరిగిన లోహపు పొడి అంతా అందులోనే ఉంటుంది. ఆ తరువాత కూడా వెయ్యి కిలోమీటర్ల వరకు జాగ్రత్తగానే ఉండాలి.

మన దివిసీమ ఇందుకు అనుకూలమైన చోటు. కొండ లేదు, ఎక్కుడు లేదు. మోపిదేవి నుండి అవనిగడ్డ, అక్కడి నుండి నాగాయలంక, తిరిగి ఇంటికి. కాలవ గట్ల మీద నెమ్మదిగా పోతుంటే సైకిలు వాళ్లు కూడా నన్ను దాటి నవ్వేవారు. నవ్వనీయండి అనుకున్నాను. ఆయిలు మార్చిన రోజు బందరు వెళ్లి మేస్త్రి గారికి బండి చూపించాను. ఆయన ఇంజను మీద స్క్రూ డ్రైవరు ఆనించి, రెండవ కొన చెవికి పెట్టుకుని విని, తల ఊపారు. అంతే. చెల్లెలి పెళ్లి మాత్రం అద్దె కారులో తిరిగి జరిపించాము. పెళ్లికేమీ తక్కువ కాలేదు.

ఆ సిలిండరు ఈనాటికీ నడుస్తోంది.

మళ్లీ ఆ యువకుడి సంగతి

కాబట్టి ఆ కుర్రవాడికి నేను చెప్పినది ఇదే. ముందే అమ్మవద్దు, ముందే డబ్బు పోయవద్దు. ముందు కొలిపించు. కొలవడానికి అయ్యే ఖర్చు కొద్ది.

బండి చాలాకాలం నిలిచి ఉంటే కిక్కు మీద ఎక్కి తొక్కవద్దు. రింగులు తుప్పుతో గోడకు అంటుకుని ఉండవచ్చు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో తుప్పు వదిలించే ఆయిలో, డీజిలో పోసి నాలుగైదు రోజులు వదిలెయ్యి. తరువాత మెల్లగా కదిపి చూడు. కదలకపోతే విప్పించు గాని బలవంతం చేయవద్దు.

నీలి పొగ వచ్చిన ప్రతి బండికీ పిస్టన్ మార్చనక్కరలేదు. వాల్వు గైడులు అరిగినా పొగ వస్తుంది. హెడ్డు తీసినప్పుడు రెండూ చూడమను.

సిలిండరు మీద ఇంతకుముందు ఎన్ని తౌల బోరింగు అయిందో తెలుసుకో. చాలా పిస్టన్ల తల మీద ఆ సంఖ్య చెక్కి ఉంటుంది. అరవై కూడా అయిపోయి ఉంటే నిరాశ పడవద్దు. సిలిండరులో కొత్త ఇనుప స్లీవు దించి మళ్లీ 70కి కోయించవచ్చు, లేదా వేరే సిలిండరు కొనవచ్చు. ఖర్చు పెరుగుతుంది. అది ముందే తెలిస్తే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు. సగం విప్పాక తెలిస్తే అప్పు చేయవలసి వస్తుంది.

మేస్త్రి చేత మూడు అంకెలు కాగితం మీద వ్రాయించుకో: పిస్టన్ కొలత, సిలిండరు కొలత, రింగు సందు. వ్రాయడానికి ఇష్టపడని షాపులో బండి పెట్టవద్దు. ఆ కాగితం ఆర్సీ పుస్తకంతోపాటు దాచుకో. ఆర్సీ అంటే గుర్తొచ్చింది. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను తిరిగి చేయించుకోవాలి. ఇంజను నంబరు కాగితంలోనిదీ బండి మీదిదీ ఒకటేనా అన్నది డబ్బు పెట్టక ముందే చూసుకో.

ఆ అబ్బాయి వెళ్లి పది రోజులకు కబురు పంపాడు. వాళ్లది ఇరవై తౌ మాత్రమే అయిందట. ఇంకా రెండు మెట్లు ఉన్నాయి. అమ్మగారు గోనెపట్టాలు తానే తీసి, బండి మీద పిట్టల రెట్టలు కడిగిందట. పిస్టన్ ఇంకా రాలేదు. "వచ్చేదాకా సిలిండరు ముట్టుకోవద్దని మేస్త్రికి గట్టిగా చెప్పాను అయ్యగారూ" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా మనస్సు నిండింది.

మన ఇళ్లలో ఎన్నో పనులు ముందు కోసి తరువాత కొలవడం వల్లనే చెడుతున్నాయి. అప్పు తెచ్చాక ఆదాయం లెక్క వేస్తాము. ముహూర్తం పెట్టుకుని సంబంధం వెదుకుతాము. గుంట తవ్వాక నీరు ఉప్పుదో మంచిదో రుచి చూస్తాము. కోసిన లోహం తిరిగి అతకదు. కొలవడానికి పట్టే ఒక పూట మాత్రం ఎప్పుడూ మన చేతిలోనే ఉంటుంది.

మీ ఇంటి పాకలో కూడా పెద్దల నాటి బండి ఏదైనా ఉంటే, ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి దాని పట్టా తీసి చూడండి. వచ్చే నెల హెడ్డు, వాల్వుల సంగతి వ్రాస్తాను. అంతవరకు సెలవు.